‘గారు’ చేరని ‘దొర’

గౌరవవాచకాల అర్థాన్ని వ్యుత్పత్తితోనే తేల్చే మన పరిశోధన పద్ధతి అసమగ్రం. ‘దొర’కు ప్రభువు, పాలకుడు అని నిఘంటువులు అర్థం చెబుతాయి, ‘దొరతనం’ దానినుండి ఏర్పడినదే. ఖమ్మం-భద్రాచలం మన్యంలో మైదానవాసులు ఆదివాసిని ‘కోయదొర’ అనడాన్ని ఆ అర్థం ఆధారంగా గౌరవమని లెక్కించడం పొరపాటు. జమీందారూ ఆంగ్లేయాధికారీ ‘దొరవారు’, ‘దొరగారు’ అయ్యారు. ‘కోయదొరగారు’ మాత్రం వాడుకలో స్థిరపడలేదు. ‘కోయదొర వచ్చాడు’ అనడమే రివాజు. ఉత్తరాంధ్ర మన్యంలోని ‘కొండదొర’ 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో కేవలం తెగపేరుగా చేరింది. బిరుదు నిలిచింది, మన్నన జారిపోయింది.

మన వ్యాసాలూ ఈ దోషానికి అతీతం కావు. పోకల దమ్మక్క పేరులోని ‘అక్క’, 17వ శతాబ్ది కంచర్ల గోపన్న పేరులోని ‘అన్న’ సమానస్థాయి బంధువాచకాలే. అయినా భద్రాచల ఐతిహ్యం చెప్పేటప్పుడు ఆయన ఆలయం ‘కట్టించారు’, ఆమె విగ్రహాలను ‘చూసింది’ అని రాస్తాం. ఈ ఏకవచనం ఆత్మీయతాసూచకమని సమర్థించవచ్చు. అదే ఆత్మీయతతో ఒక కోయ మన ఆచార్యులను ‘నువ్వు’ అంటే అనాగరికత అంటాం.

గౌరవవాచకానికి అర్థం రాసేవారు దాని వెంట నడిచే సర్వనామాన్నీ క్రియాంతాన్నీ నమోదు చేయాలి. మన్ననను మోసేవి అవే.