నీటి సంఘానికి కుర్చీ ఇచ్చారు, తాళం ఇవ్వలేదు

వాన ముఖం చాటేసిన ఏడాదల్లా ఇదే తంతు. గొట్టా బ్యారేజీ దగ్గర షట్టర్లెత్తి వంశధార ఎడమ కాలువకు నీళ్లు వదులుతారు. ఫొటోలు పడతాయి. నూట నాలుగు కిలోమీటర్ల కాలువ చివర, పలాస వైపు రైతు మాత్రం ఉబాలు సాగక ఆకాశం కేసి చూస్తుంటాడు. పైన గండి కొట్టినవాడికి భయం లేదు, కింద ఎండినవాడికి దిక్కు లేదు. శివారు రైతులు ధర్నా చేస్తే నాలుగు రోజులు గస్తీ తిరుగుతారు. అయిదో రోజు మళ్లీ మామూలే.

నీటి సంఘాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి! 1997లో చట్టం చేసి, కింద నీటి వినియోగదారుల సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ అన్నారు. ప్రపంచ బ్యాంకు డబ్బిచ్చి మెచ్చుకుంది. వారబందీ వేయడం, కాలువ బాగు చేయడం సంఘం పనులని చట్టమే చెప్పింది. గట్టు తెగ్గొట్టడం, షట్టరు విరగ్గొట్టడం నేరాలనీ రాసింది. కానీ శిక్ష వేయాల్సింది కోర్టు. నీటి తీరువా వసూలు రెవెన్యూ చేతిలో. లస్కరు ఇరిగేషన్ శాఖ మనిషి. ఇక సంఘం అధ్యక్షుడికి మిగిలిందేమిటి? పూడికతీత బిల్లు. అందుకే చాలాచోట్ల సంఘం ఎన్నిక కాంట్రాక్టు కోసం పోటీగా మారింది.

మేం అడిగేది ఒకటే. తన కాలువ నీటికి తానే కట్టుబాటు రాసుకుని, మీరినవాడికి తానే జరిమానా వేసే అధికారం రైతు సంఘాలకు ఇవ్వాలి. హైదరాబాదులోనో అమరావతిలోనో కూర్చుని రాసిన ఒకే నిబంధన అన్ని కాలువలకూ అతకదు. నాగావళి మీద తోటపల్లినే చూడండి. 1908 నాటి రెగ్యులేటరు కింది పాత ఆయకట్టు ఒకటి, 2015లో ప్రారంభించిన బ్యారేజీ కింది కొత్త ఆయకట్టు మరొకటి. ఎవరి వంతు ఎప్పుడో అక్కడి రైతులకు తెలిసినట్టు సెక్రటేరియట్‌కు తెలుస్తుందా?

ఇది గొంతెమ్మ కోరిక కాదు. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతులు ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం చర్చి గుమ్మం ముందు కూర్చుని నీటి తగవులు తీరుస్తారు. వకీలు లేడు, కాగితాల కట్టలు లేవు. ప్రతి కాలువకూ సొంత కట్టుబాట్లున్నాయి. నిందితుడిది ఏ కాలువో ఆ కాలువ పెద్ద తీర్పులో పాలుపంచుకోడు. యునెస్కో 2009లో దాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. మన ఊళ్లలోనూ చెరువు మదుం దగ్గర వంతు తప్పితే ఊరు నిలదీసేది. కాకపోతే నిలదీసేవాళ్లు పెద్ద కమతాల వాళ్లే, అది మరిచిపోలేం.

భయం కూడా అక్కడే ఉంది. కాలువ మొదట్లో పదెకరాలున్న అధ్యక్షుడికి జరిమానా పుస్తకం ఇస్తే అది ఎవరి మీద తెరుచుకుంటుందో చెప్పాలా? రికార్డుల్లో పేరెక్కిన కౌలుదారుకే సంఘంలో చోటు. నోటిమాట మీద కౌలు చేసేవాడికి ఓటు లేదు, జరిమానా మాత్రం అతని నెత్తినే పడుతుంది. ముందు వాళ్లను సభ్యులుగా చేర్చండి. నీళ్లు మళ్లించేది ఒక ఊళ్లో, పంట ఎండేది మరో ఊళ్లో. కనుక తీర్పు చెప్పే బెంచీ డిస్ట్రిబ్యూటరీ స్థాయిలో ఉండాలి. అందులో సగం మంది శివారు రైతులుండాలి. కట్టుబాటును రైతుల సభలో చదివి, చేతులెత్తించి ఒప్పించాలి. జరిమానా మీద అప్పీలుకు దారి ఉంచాలి. వచ్చిన సొమ్ము ఆ కాలువకే ఖర్చు పెట్టాలి.

2024 డిసెంబరులో సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్లకు దండలు వేశారు. ఈ సవరణ కోసం శ్రీకాకుళం, విజయనగరం ఎమ్మెల్యేల్లో అసెంబ్లీలో ముందు లేచేదెవరు?