వరుస హత్యల నవల దిగుమతి సరుకా? ముదిగుబ్బ దారి చెప్పే సమాధానం

నేరపరిశోధక సాహిత్యం గురించి తెలుగు విమర్శలో రెండు తీర్పులు చాలాకాలంగా చలామణిలో ఉన్నాయి. అది కాలక్షేప సాహిత్యం కనుక పరిశోధనార్హం కాదన్నది మొదటిది. వరుస హంతకుణ్ణి పోలీసు బృందం వెంటాడే కథ పాశ్చాత్య నగరాల నుండి దిగుమతి అయినదనీ, తెలుగు నేలకు, ముఖ్యంగా రాయలసీమకు అది అతకదనీ రెండవది. మొదటి తీర్పు ఇప్పటికే బలహీనపడింది. రెండవది మాత్రం తగిన పరీక్షకు గురికాకుండానే నిలిచి ఉంది. అది నిరాధారమని నిరూపించడమే ఈ వ్యాసోద్దేశం.

తెలుగు పాఠకుని మనసులో డిటెక్టివ్ అనగానే మెదిలే రూపం కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ది. ప్రైవేటు పరిశోధకుడు, వెంట సహాయకుడు రాజు. ఈ నమూనాలో రహస్యాన్ని ఛేదించేది ఒక వ్యక్తి మేధస్సు. దీనికి భిన్నంగా 1956లో అమెరికన్ రచయిత ఎడ్ మెక్‌బెయిన్ ‘కాప్ హేటర్’ నవలతో ఒక పోలీసు స్టేషనునే కథానాయక స్థానంలో నిలిపాడు. స్వీడన్‌లో మాయ్ షోవాల్, పేర్ వాలో కలసి 1965 నుండి 1975 వరకు పది నవలలలో మార్టిన్ బెక్ బృందం ద్వారా తమ సమాజాన్నే విచారణకు పెట్టారు. పుట్టుక చూసి ఈ రూపాన్ని పరాయిదని తోసివేయదలిస్తే, నవల అనే ప్రక్రియనే మనం వదులుకోవలసి ఉంటుంది. కనుక అడగవలసిన ప్రశ్న వేరు: ఈ రూపం ఏ పని చేస్తుంది, ఆ పని ఇక్కడ అవసరమా?

అది చేసే ప్రధానమైన పని సంధానం. వేర్వేరు చోట్ల, వేర్వేరు దస్త్రాలలో నమోదైన మరణాలు ఒకే చేతి పనియని గుర్తించడం. ఈ గుర్తింపు లోపించడాన్ని అమెరికన్ నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగ్గర్ 1980లలోనే ఒక ప్రత్యేక సమస్యగా పేర్కొన్నాడు. వరుస హంతకుడు చాలాకాలం దొరకకపోవడానికి అతని అసాధారణ ప్రతిభ కంటె, ఒక స్టేషను సమాచారం మరొక స్టేషనుకు చేరకపోవడమే తరచు కారణమవుతుంది.

ఈ దృష్టితో ముదిగుబ్బను చూడాలి. ధర్మవరం–పాకాల రైలుమార్గం మీద, అనంతపురం నుండి కదిరి మీదుగా మదనపల్లెకు పోయే రహదారి మీద ఉన్న ఊరది. 2013 నవంబరులో ధర్మవరంలో ఒక మహిళ హత్యకు గురైంది. హంతకుడు ఆమె ఏటీఎం కార్డును అపహరించాడు. అదే నెల 19న బెంగళూరులో ఒక ఏటీఎం గదిలో బ్యాంకు ఉద్యోగిని మీద కత్తితో దాడి జరిగింది. ఆ దృశ్యాలను దేశమంతా టీవీలలో చూసింది. అపహరించిన ఫోను హిందూపురంలో అమ్ముడుపోయినట్లు తేలింది. రెండు రాష్ట్రాల పోలీసు బృందాలు గాలించినా నిందితుడు మూడేళ్ళకు పైగా దొరకలేదు. చివరకు 2017 ఆరంభంలో మదనపల్లెలో పట్టుబడ్డాడు. 2021లో బెంగళూరు న్యాయస్థానం దాడి కేసులో అతనికి పదేళ్ళ శిక్ష విధించింది. ధర్మవరం, హిందూపురం, మదనపల్లె: ఈ కథ భూగోళమంతా ముదిగుబ్బ చుట్టూనే ఉంది. దీనిని పరాయి నగరాల కథ అనగలమా?

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. ప్రసాదంలో సైనైడు కలిపి 2018 ఫిబ్రవరి నుండి 2019 అక్టోబరు వరకు పదిమందిని చంపాడన్న అభియోగంపై ఏలూరు పోలీసులు 2019 నవంబరులో ఒకరిని అరెస్టు చేశారు. చివరి మరణంపై అనుమానం కలిగి తీగ లాగితేనే మిగతావి బయటపడ్డాయి. హాజీపూర్‌లోనూ అంతే. ముందు అదృశ్యమైన ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారని తెలిసింది 2019 ఏప్రిల్‌లో మూడవ బాలిక మృతదేహం బావిలో దొరికిన తర్వాతనే.

సీమలో నేరమంటే కక్షయేననీ, అక్కడ హంతకుడెవరో ఊరంతటికీ తెలుసు గనుక పరిశోధనకు చోటులేదనీ కొందరంటారు. ఈ వాదం సీమను ముఠాల సినిమాగా చూసే అలవాటు నుండి పుట్టింది. సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానతో బతికే ఈ పీఠభూమి నుండి జనం బెంగళూరుకో కేరళకో వలసపోతారు. వలస వెళ్ళిన మనిషి తిరిగిరాకపోతే, పనికి పోయినాడనే అనుకుంటారు. అటువంటి మరణం ఊరంతటికీ తెలిసేది కాదు, ఎవరికీ తెలియనిది. పరిశోధన కథకు ఇంతకంటె తగిన నేల ఏది?

మరొక సంగతిని కూడ విమర్శకులు గమనించాలి. రైతు ఆత్మహత్యలను ధ్రువీకరించడానికి 2004లో వెలువడిన ప్రభుత్వ ఉత్తర్వు 421 ప్రకారం మండల స్థాయిలో రెవెన్యూ అధికారి, ఎస్.ఐ., వ్యవసాయాధికారి కలసి విచారణ జరపవలసి ఉండేది. మరణానికి కారణమేమిటని ఒక బృందం ఇంటింటికీ వెళ్ళి అడగడం కరవు సీమకు కొత్త కాదు. సింగమనేని నారాయణ మొదలైనవారి కథలు ఆ ప్రశ్నకు అధికార నివేదికలో చోటుచేసుకోని సమాధానాలను వెతికాయి. కరవు కథ, పరిశోధక నవల ఒకే ప్రశ్నతో బయలుదేరుతాయి: ఈ మనిషి ఎందుకు చనిపోయాడు? ఒకదానికి పీఠం వేసి, మరొకదానిని గుమ్మం బయట నిలబెట్టడం విమర్శ ధర్మం కాదు.

అయితే ఈ సమర్థన ప్రతి రచనకూ వర్తించదు. నేటి మన చలనచిత్రాలలోను, వాటిననుసరించే రచనలలోను హంతకుని బాల్యానికీ వికృతికీ దక్కే వివరణలో పదోవంతు కూడ హతులకు దక్కడం లేదు. బృందమని పేరేగాని నిర్ణయమంతా ఒక్క అధికారిదే. స్టేషను రైటరుకు, కానిస్టేబులుకు మాటలే ఉండవు. ఇది యుగంధర్‌కు ఖాకీ తొడిగిన పాత నమూనాయే. ఖండించవలసినది దీనిని, ప్రక్రియను కాదు.

కనుక తెలుగు శాఖలు చేయవలసిన పని స్పష్టం. అద్దె గ్రంథాలయాల ద్వారా లక్షలమందిని చదివించిన ఆ నవలలను సేకరించి భద్రపరచాలి. శవపంచాయతీ నివేదిక, ప్రథమ సమాచార నివేదిక వంటి అధికార రచనల భాషను కథన దృష్టితో పరిశీలించాలి. వరుస హత్యల నవలను అంచనా కట్టేటప్పుడు హంతకుడెంత తెలివైనవాడన్న దానికంటె, ఎవరి మరణాలను ఆ నవల లెక్కలోకి తెచ్చిందన్నదానిని కొలతగా తీసుకోవాలి. ఆ కొలతకు నిలిచే నవల ముదిగుబ్బ స్టేషను నుండి రేపు రావచ్చు. వచ్చినప్పుడు దానిని కాలక్షేపమని పక్కన పెట్టే విమర్శ మాత్రం మనకు అక్కరలేదు.