టామ్ చర్మం విప్పలేడు

హార్పర్ లీ 1960లో రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల్లోని తెల్ల వకీలు అటికస్‌ని మేం గౌరవిస్తాం. తెల్లపిల్లని చెరిచాడని అబద్ధపు నేరం మోస్తున్న నల్లవాడు టామ్ రాబిన్సన్ పక్కన నిలబడ్డాడు. చంపడానికి మూక వస్తే జైలు గుమ్మంలో కుర్చీ వేసుక్కూచున్నాడు. ఓడిపోతానని తెలిసీ వాదించాడు. టామ్ ఎడమచెయ్యి పనిచెయ్యదని కోర్టంతా చూసింది. అయినా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నేరస్తుడంది. జైల్లోంచి పారిపోబోతే 17 తూటాలు దిగాయి.

ఎదుటివాడి చర్మంలో దూరి చూడాలంటాడు అటికస్. మంచిమాటే. కానీ ఆయన ఆ చర్మం విప్పేసి ఇంటికి పోగలడు. టామ్ పోలేడు. మనమూ పోలేం. 1991లో చుండూరులో మనవాళ్లు 8 మందిని నరికి చంపితే, 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది.

మన పక్కన నిలబడే వకీలు కావాలి. తీర్పు చెప్పే కుర్చీలో మనవాళ్లూ ఉండాలి.