పుర్రమూతి చేప

కుడుచు అంటే భుజించు. కుడిచే చెయ్యి కనకనే కుడిచెయ్యి అయిందని కొందరంటారు. వ్యుత్పత్తి మాట ఎలా వున్నా, మన ఇళ్ళలో ఎడమచేత్తో అన్నం ముట్టుకున్న పిల్లవాడికి మొట్టికాయ తప్పదు. పైగా ‘పుర్రచెయ్యి’ అని వెక్కిరింపు. అయితే, తిండి దగ్గరే కుడి ఎడమల తేడా వున్న చేప ఒకటుంది. దాని సంగతి చదివాక పుర్రచేతివాళ్ళమీద నాకు గౌరవం పెరిగింది.

ఆఫ్రికాలో టాంగన్యీకా అనే మహా సరస్సు వుంది. లోతు సుమారు 1,470 మీటర్లు. అందులో సిక్లిడ్ కుటుంబపు చేపలే 200 రకాలకు పైగా వున్నాయి. మన చెరువుల్లోకి వచ్చిన తిలాపియా కూడా ఆ కుటుంబానిదే. ఇంత పెద్ద కుటుంబం ఒకచోట కాపురముంటే అందరికీ ఒకే తిండి ఎలా చాలుతుంది? ఒక చేప రాళ్ళమీది నాచు గీక్కుంటుంది. ఇంకొకటి నత్తలు నములుతుంది. పెరిస్సోడస్ మైక్రోలెపిస్ అనే, జానెడైనా లేని చేప మాత్రం తోటి చేపల పొలుసులు పీక్కు తింటుంది!

ఇది దొంగలా వెనకనుంచి వచ్చి, ఎదుటి చేపను పక్కమీద కొరికి పారిపోతుంది. ఆ పనికి వీలుగా దీని మూతే వంకర. కొన్నిటికి కుడికి, కొన్నిటికి ఎడమకి. మూతి కుడికి తిరిగినది ఎదుటి చేప ఎడమపక్కను కొరుకుతుంది. పుర్రమూతిది కుడిపక్కను కొరుకుతుంది. ఈ వంకర కొంతవరకు వంశపారంపర్యం.

అసలు చిత్రం ఇక్కడుంది. కుడిమూతివి ఎక్కువైతే, దెబ్బలు తిన్న చేపలు తమ ఎడమపక్కనే కాచుకుంటాయి. కుడిపక్కన ఏమరుపాటు. ఇక పుర్రమూతి చేపలకు పండుగే! కడుపునిండా తిని సంతానాన్ని పెంచుకుంటాయి. తీరా అవి ఎక్కువైతే కథ తిరగబడుతుంది. రెండు జట్లూ ఇలా సగం సగం దగ్గరే అటూ ఇటూ ఊగుతున్నాయని, ఏళ్ళ తరబడి లెక్కలు తీసి, జపాను శాస్త్రజ్ఞుడు మిచియో హోరి 1993లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు.

మనుషులు చేపలు కారు, నిజమే. కాని పిల్లవాడి చేతిలోని కలాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చబోయే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగి ఈ చేపను తలుచుకుంటే బాగుండును. ‘పదిమందిలా వుండరా’ అంటాం మనం. ఆ సరస్సులో మాత్రం పదిమందిలా వున్నదానికే పస్తు!