కవి ఋణము

జనగామ జిల్లా పాలకుర్తి మండలమున ఒకదాని కొకటి చేరువగా రెండు గ్రామములు గలవు. మొదటిది బసవపురాణకర్తయగు పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తి. రెండవది, పోతనామాత్యుడు తమవాడని ఓరుగల్లు ప్రాంతమువారు తరతరములుగా చెప్పుకొనుచున్న బమ్మెర. లింగాల ఘనపూర్, దేవరుప్పుల, రఘునాథపల్లి ప్రజలకు ఈ యూళ్లు దూరదేశములు కావు. సంతకు పోవువాడును, చుట్టపుచూపునకు పోవువాడును ఎరిగిన యూళ్లు. ఇట్టి సీమలో పుట్టినవారికి కవులను స్మరించుట కేవలము వేడుక కాదు, విధి. ఆ విధిని మనమెట్లు నెరవేర్చుచున్నామని విచారించుకొనుట అవసరము.

ఏమియు జరుగుట లేదని మేమనము. కాళోజీ నారాయణరావుగారి జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీని 2014 నుండి తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వరంగల్లులోని ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. 2024 నవంబరులో హనుమకొండయందు ఆయన పేరిట కళాక్షేత్రము తెరచిరి. 2017 డిసెంబరులో హైదరాబాదున ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినపుడు ప్రధాన ప్రాంగణమునకు సోమనాథుని పేరును, వేదికకు పోతన పేరును నిలిపిరి. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరున 1925 జూలై 22వ తేదీన జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులవారికి 2025లో నూరేండ్లు నిండినవి. ఈ గౌరవములన్నియు సంతోషింపదగినవే. పేరు పెట్టుట వ్యర్థమని, విగ్రహము నిలుపుట వృథాయని పెదవి విరుచువారితో మేము ఏకీభవింపము. చిరకాలము మరుగుపడిన జాతికి తన పెద్దల పేళ్లు నలుగురిలో బిగ్గరగా చెప్పుకొను హక్కు కలదు.

ఆ మరుగు ఎట్టిదో మన పఠనమందిరముల పెద్దలెరుగుదురు. తెలంగాణమున కవులే లేరను మాట ఒకనాడు పుట్టినది. దానికి సురవరం ప్రతాపరెడ్డిగారిచ్చిన ప్రత్యుత్తరము లోకవిదితము. వారు 354 మంది కవుల రచనలను ప్రోవుచేసి 1934వ సంవత్సరమున గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. తెలుగు బడులకును, తెలుగు సభలకును అడుగడుగున అడ్డంకులున్న కాలమున జరిగిన కార్యమది. ఆయన ఊరేగింపు తీయలేదు, శిలను చెక్కింపలేదు, ఎదుటివానిని దూషింపలేదు. అభియోగము వచ్చినపుడు సాక్ష్యము చూపవలెనను ధర్మమును పాటించి, పద్యములను చదువరుల చేతిలో పెట్టిరి. అభియోగము అంతటితో కొట్టుపడినది.

దీనికి ప్రక్కగా మరియొక చరిత్రను జ్ఞాపకము చేసికొందము. 1986వ సంవత్సరమున హైదరాబాదు ట్యాంకుబండుపై తెలుగు ప్రముఖుల విగ్రహములు వెలసినవి. అందు తెలంగాణమునకు న్యాయమైన పాలు దక్కలేదను బాధ ఏండ్లకొలది పెరిగి, 2011 మార్చి 10వ తేదీన మిలియన్ మార్చ్ నాడు పలు విగ్రహములు నేలగూలినవి. పిమ్మట వానిని మరల నిలిపిరి. బాధ నిజమైనదే, కాని గూలినవారిలోని కవులు చేసిన నేరమేమి? రాతి విగ్రహమున కొక గుణము కలదు: అది ఒకచోట నిలుచుటకు స్థలము కావలయును, స్థలము కావలసినచోట పంపకము వచ్చును, పంపకము వచ్చినచోట తగవు పుట్టును. పద్యమున కట్టి యిబ్బంది లేదు. ఒకరి నోట నున్నంత మాత్రమున మరియొకరి నోటికి తరుగదు.

పోతన యెచ్చటివాడను వివాదమును ఇట్టిదే. కడపజిల్లా ఒంటిమిట్టవాడని కొందరు, బమ్మెరవాడని కొందరు దీర్ఘకాలముగా వాదించుచున్నారు. మా విశ్వాసము బమ్మెర పక్షమేయని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను భూమి వ్యాజ్యములలో న్యాయస్థానము దస్తావేజులతో తృప్తిపడక, స్వాధీనానుభవ మెవరిదని గూడ అడుగును. దున్నిన దెవరు? విత్తిన దెవరు? శిస్తు కట్టిన దెవరు? సారస్వత వ్యాజ్యమునకును ఆ ప్రశ్నలే వర్తించును. గజేంద్రమోక్షణ మే యూరి పిల్లల నోట నాడుచుండునో, ప్రహ్లాదచరిత్రమే యూరి రచ్చకట్టపై నేటికిని వినబడుచుండునో, పోతన ఆ యూరివాడు. బమ్మెర పక్షమున మనము చూపవలసిన సాక్ష్యము ముఖ్యముగా ఇది.

ఈ మహాకవుల తత్త్వమును చూచినను అదియే తోచును. సోమనాథుడు పండితులకే పరిమితమగు మార్గమును విడిచి, పాడుకొనుట కనువైన ద్విపదను చేపట్టెను. పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు అని జనులు పాడుకొను పాటల పేళ్లను గూడ గ్రంథస్థము చేసెను. పోతన భాగవతమును రాజున కంకిత మీయక, సేద్యముతో జీవించెనని మన పెద్దల మాట. కాళోజీ ప్రజల పలుకుబడినే కవితకు వాహనముగా గైకొనిరి. దాశరథి నిజామాబాదు జైలుగోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. వీరిలో నెవ్వరును పూలదండ కొరకు వ్రాసినవారు కారు. వినువారి కొరకు వ్రాసినవారు. బసవపురాణమును వెల్చేరు నారాయణరావు, జీన్ రోగైర్ గార్లు ఆంగ్లమున కనువదింపగా, 1990లో అమెరికాయందలి ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ప్రకటించిరి. ఖండాంతరమందలి విద్యార్థి దానిని చదువుచున్నాడు. మన జిల్లా బడులలో మూలగ్రంథపు ప్రతులెన్ని గలవు? జయంతినాడు వేదికపై కూర్చుండువారు ముందుగా ఈ లెక్క తెప్పించుకొనవలెను.

స్కాట్లండు దేశీయుల యాచారమొకటి ఇచ్చట స్మరింపదగియున్నది. రాబర్టు బర్న్సు అను కవి అచ్చట 1759 జనవరి 25వ తేదీన జన్మించెను. ఆయనయు పోతనవలె నాగలి పట్టినవాడే, పల్లెపలుకున వ్రాసినవాడే. ఆయన జన్మదినమున ఆ దేశీయులు, తాము ఏ ఖండమున నున్నను, ఇండ్లయందును సంఘములయందును కూడి భోజనముచేసి ఆయన కవితలను చదివి పాడుదురు. ఉపన్యాసములు అచ్చటను గలవు; కాని కవిత చదువని బర్న్సు పండుగ లేదు. మన జయంతులలో మాల్యార్పణము, జ్యోతిప్రజ్వలనము, అధ్యక్షోపన్యాసము, వందనసమర్పణము అన్నియు జరుగును; కవి యొక్క పద్యము మాత్రము వేళ చాలక నిలిచిపోవును.

చదువుట కాధారము గ్రంథాలయము. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండయందు 1904లో రాజరాజనరేంద్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు దీని నెరిగినవారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాల పుస్తకములను మోసికొని తిరిగి అమ్మిరి. నేడు మనకట్టి ప్రయాస లేదు. ఇంటిపన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మనము కట్టుచునే యున్నాము. 1960 నాటి ప్రజా గ్రంథాలయముల చట్టము దానికి మూలము. ఆ సొమ్మును వసూలుచేయు స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు సక్రమముగా చెల్లించుట లేదను మొర చాల కాలముగా వినబడుచున్నది. పుస్తకముల నిమిత్తము ప్రజలిచ్చిన సొమ్ము పుస్తకములకు చేరకున్న, కవి విగ్రహమునకు వేసిన దండ యెంత పెద్దదైన నేమి?

కావున మా సూచనలు మూడు. మొదటిది: కవి జయంతి యెచ్చట జరిగినను, ఉపన్యాసములకు ముందు ఒక గంట ఆ కవి రచనలనే చదువవలెను, బడిపిల్లలు, రైతులు, స్త్రీలు, ఎవరు చదువగలిగిన వారు చదువవలెను. రెండవది: స్వాగతతోరణములకును, నాయకుల బొమ్మలతో నిండిన ఫ్లెక్సీలకును అగు వ్యయములో సగమైన మిగిల్చి, బసవపురాణము, భాగవతము, గోలకొండ కవుల సంచిక, కాళోజీ నా గొడవ, దాశరథి అగ్నిధార గ్రంథములను ఊరూర పఠనమందిరములకు సమకూర్పవలెను. మూడవది: ప్రతి పంచాయతియు, ప్రతి పురపాలకసంఘమును, ఆ యేట గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనది, ఎంత చెల్లించినది, తమ కార్యాలయపు గోడపై వ్రాసి పెట్టవలెను. పౌరులడిగినగాని ఇది జరుగదు. అడుగుట పౌరుల ధర్మము.

ఈ పనికి రాజధాని నుండి ఉత్తరువు రానక్కరలేదు. లింగాల ఘనపూర్ వంటి మండలమున పదిమంది చదువరులు పూనుకొన్న చాలును. ఋణము నొప్పుకొన్నంత మాత్రమున ఋణము తీరదు, చెల్లింపవలెను. కవికి చెల్లుబడియగు నాణెమొక్కటే, చదువుట. రానున్న సెప్టెంబరు 9వ తేదీనాడు మన పఠనమందిరములలో దండలకంటె పుస్తకములు మిన్నగ కనబడునని ఆశించుచున్నాము.