ఆగ్నేయ మూలన సబ్‌వూఫర్

"సబ్‌వూఫర్ ఆగ్నేయంలోనే ఉండాలి. అది కరెంటు వస్తువు. కరెంటంటే అగ్ని. అగ్ని స్థానం ఆగ్నేయం." హనుమకొండలో మాకు తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంటులో ఈమధ్య ఒక వాస్తు పండితుడు ఇచ్చిన తీర్పు ఇది. అదే పెట్టె ఈశాన్యంలో ఉంటే ఈశాన్యం బరువెక్కి పెద్దకొడుకుకు ఎదుగుదల ఉండదట. హాలు నడిమధ్యకు తెస్తే బ్రహ్మస్థానం దెబ్బతింటుందట. ఇంటాయన ఇంజినీరు. అయినా ఎదురు ప్రశ్న వెయ్యలేదు. తూర్పు గోడకు టీవీ కింద మధ్యలో ఉన్న, బేస్ (కింది స్థాయి శబ్దం) మోగించే ఆ బరువైన నల్లపెట్టెను ఇద్దరు మనుషులు పట్టి ఆగ్నేయ మూలకు జరిపారు. వైరు చాలకపోతే కొత్తది కొనుక్కొచ్చారు. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ రాత్రే కొత్త సినిమా వేసుకున్నారు.

ఆ మూలలోని దక్షిణపు గోడే పక్క ఫ్లాటుకు ఉత్తరపు గోడ. దానికి ఆనించి ఒక ముసలమ్మ మంచం ఉంది. పక్షవాతంతో ఎడమ చెయ్యీ కాలూ పడిపోయిన మనిషి. పలకరిద్దామని ఒక రాత్రి పోయాను. మందులు పెట్టుకునే స్టూలు మీద స్టీలు చెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు. గోడ అవతల సినిమాలో ఏదో పేలినప్పుడల్లా ఆ గ్లాసు చెంబు మీద గలగలమంటోంది. కిటికీ అద్దం జుమ్మంటోంది. మంచం పట్టె మీద చెయ్యి వేస్తే ఆ వణుకు అరచేతికి తెలిసింది. మాటలు వినపడవు, పాట వినపడదు. గుండెల్లో ఎవరో దంచుతున్నట్టు ఆ అదురు ఒక్కటే.

"ఆళ్ళు సినిమా వెట్టిండ్రు బిడ్డా, అయిపోతె బందైతది" అంది ఆమె. కోడలు మాత్రం దాచుకోలేదు. "పదకొండు దాటుతది అన్నా. రెండుసార్లు పోయి చెప్పినం. సౌండు జర తగ్గించుమంటె తగ్గించిండ్రు, మళ్ళ పెంచిండ్రు. ఆ పెట్టెనన్న జరుపుండ్రి అంటె, వాస్తు ప్రకారం వెట్టినం, జరుపరాదు అన్నరు."

జరుపరాదు. ఒక మంచానపడ్డ మనిషి నిద్ర కంటే ఒక దిక్కు పేరు ఎక్కువైన చోట నేను మర్యాదగా రాయలేను.

నేను ఇంటాయనతో మాట్లాడాను. ఆయన దగ్గర రుజువు ఉంది. "మీరు నమ్మరు గానీ సార్, పెట్టె జరిపినంక బేస్ రెట్టింపైంది. సెట్టింగు ఒక్కటి కూడ ముట్టుకోలె. మరి ఇది వాస్తు మహిమ కాదా?" బేస్ పెరిగిన మాట నిజం. ఎందుకు పెరిగిందో పదో తరగతి దాటిన పిల్లలకు బోధపడేలా చెప్పొచ్చు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 80 హెర్ట్జ్ శబ్దానికి ఒక్కో తరంగం 4.3 మీటర్ల పొడవు, అంటే 14 అడుగులు. ఆ హాలు తూర్పు పడమరలు 14 అడుగులు, ఉత్తర దక్షిణాలు 11 అడుగులు. గదితో సమానమైన తరంగాలు గదిలో స్వేచ్ఛగా తిరగలేవు. ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుని స్థిర తరంగాలవుతాయి. 14 అడుగుల మధ్య సుమారు 40 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల మధ్య సుమారు 51 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది. గోడల దగ్గర పీడనం గరిష్ఠం, నడిమధ్య దాదాపు సున్నా. తూర్పు గోడకు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ఆ పెట్టె ఉత్తర దక్షిణ గోడల మధ్యనున్న 51 హెర్ట్జ్ మోతను లేపలేకపోయింది. మూలకు చేరగానే రెండు మోతలూ లేచాయి. పైగా మూలలో రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ను గదిలోకి తోస్తాయి. మహిమ అంతా అంతే. ఆ కొత్త మోతకు పీడనం గరిష్ఠంగా ఉండే చోట్లలో ఒకటి దక్షిణపు గోడ. ముసలమ్మ తల ఆనే గోడ.

ఇక్కడ అసలు ప్రశ్న ఒక్కటే. ఆగ్నేయం వల్ల పెరిగిందా, మూల వల్ల పెరిగిందా? పరీక్ష కష్టం కాదు. పెట్టెను నైరుతిలో పెట్టి చూడాలి, వాయవ్యంలో పెట్టి చూడాలి. దీర్ఘచతురస్రపు గదిలో నాలుగు మూలలూ ఆ తరంగాలకు సమానమే. మా ఇంటి హాలులో మా సబ్‌వూఫర్‌ను నాలుగు మూలలకూ మోసి విన్నాను. తలుపు తీసి ఉన్న మూలలో కొంచెం పలుచన, మిగతా మూడూ ఒకటే గుమ్మరింపు. హనుమకొండ ఇంటాయన్నూ అదే చేసి చూడమన్నాను. "ఈశాన్యంలో మాత్రం పెట్టను సార్, పిల్లోని పరీక్షలున్నయి" అన్నాడు. ఓడిపోయే అవకాశం ఉన్న పరీక్షకు ఒప్పుకోని నమ్మకం తనను తాను రుజువు చేసుకున్నానని చెప్పుకోవడం కంటే అన్యాయం లేదు.

హోమ్ థియేటర్ అమర్చేవాళ్ళకు ఒక మంచి పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను తీసుకొచ్చి మనం కూర్చునే సోఫా దగ్గర పెట్టాలి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి వేసి, గోడల వెంట నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ గుబగుబలాడకుండా, మాయమైపోకుండా, ప్రతి స్వరం తేటగా వినపడుతుందో అక్కడ పెట్టెను పెట్టాలి. వినే చోటు, మోగే చోటు తారుమారు చేసినా ఫలితం ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది. దీనికి దిక్సూచి అక్కర్లేదు. చెవులు, మోకాళ్ళు చాలు.

బేస్‌ను స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ మధ్య కోసి పంచే క్రాసోవర్ సంగతీ అంతే. హనుమకొండ ఇంట్లో స్పీకర్లను నడిపే రిసీవర్ మెనూ తెరిచి చూశాను. ముందు స్పీకర్లను 'లార్జ్' అని పెట్టుకున్నారు, పెద్దవి కొన్నాం గనక. స్పీకరు ఎత్తుతో ఆ మాటకు సంబంధం లేదు. 'లార్జ్' అంటే కింది బేస్ అంతా వాటికే పంపమని, 'స్మాల్' అంటే ఫలానా హెర్ట్జ్ కింద ఉన్నది సబ్‌వూఫర్‌కు అప్పగించమని. ఇంటి స్పీకర్లు చాలామటుకు 'స్మాల్' పెట్టి 80 దగ్గర కోస్తేనే హాయిగా పాడతాయి. థియేటర్ ధ్వనికి ప్రమాణాలు పెట్టిన టీహెచ్‌ఎక్స్ సంస్థ ఎంచుకున్నదీ 80 హెర్ట్జే. గదిలో అంతకంటే కింది శబ్దం ఎటునుంచి వస్తోందో మన చెవి దాదాపు పట్టుకోలేదు. మరోసారి చదవండి: గదిలో 80 హెర్ట్జ్ కింద మనిషి చెవికి దిక్కు దాదాపు తెలియదు. దిక్కే తెలియని శబ్దానికి దిక్కు నిర్ణయించి డబ్బు పుచ్చుకున్నారు. పెట్టె వెనక ఉన్న క్రాసోవర్ గుండీని 150 దగ్గర వదిలేశారు. దాన్ని పైకంటా తిప్పి రిసీవర్‌కే పని వదిలెయ్యాలి, లేకపోతే ఒకే శబ్దాన్ని రెండుచోట్ల కోసినట్టవుతుంది. సబ్‌వూఫర్ లెవెల్ చివరిదాకా పెంచి ఉంది. ఇవేవీ పండితుడికి పట్టలేదు.

ఆగ్నేయం అనే మాట వింటే నాకు మా మేనత్త గుర్తొస్తుంది. పరకాల వైపు పల్లె. వాళ్ళ ఇంటి ఆవరణలో ఆగ్నేయాన ఒక చేదబావి, ఎండాకాలం కూడా ఎండని నీళ్ళు. మేనత్తకు మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండో బిడ్డ మూడేళ్ళకు జ్వరంతో పోయాడు. డాక్టరు లేని ఊరు, బండి కట్టుకుని పోయేలోపే అయిపోయింది. ఒక సిద్ధాంతి వచ్చి, ఆగ్నేయంలో బావి ఉంటే ఇంటి ఆడదానికి సంతాన నష్టమని తేల్చాడు. బావిని రాళ్ళతో, మట్టితో పూడ్చారు. ఆ బావి తవ్వించింది మా మామయ్య తండ్రి. ఆ పెద్దాయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. "ఆ నీళ్ళు తోడుకున్నది నువ్వే కదా" అని మేనత్తనే అన్నారు. అప్పట్నుంచి ఆమె వీధి అవతలి బావినుంచి బిందెలు మోసింది, మూడో కడుపుతో కూడా. ఆమె నడుముకు పట్టిన నొప్పి చివరిదాకా వదల్లేదు. బిడ్డను చంపిన జ్వరానికి పేరు పెట్టినవాళ్ళు లేరు, నీళ్ళిచ్చిన బావికి మాత్రం శిక్ష పడింది. కొడుకు చచ్చిపోయిన తల్లి దోషిలా తలవంచుకుని నీళ్ళు మోస్తుంటే వాకిట్లో కూర్చున్న మగవాళ్ళు వాస్తు సరయిందని సంతృప్తిపడ్డారు. నాకు ఆ దృశ్యం మీద కోపం ఈనాటికీ తగ్గలేదు.

అప్పుడు పూడ్చింది బావి, ఇప్పుడు జరిపింది సబ్‌వూఫర్. భారం పడ్డది మాత్రం రెండుచోట్లా నోరెత్తలేని మనిషి మీదే. వాస్తు అనగానే మంచి గాలి, వెలుతురు అంటూ మొదలెడతారు. గాలి వెలుతురు కావాలంటే కిటికీ పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? గోడ అవతల గాలి ఎలా అదురుతుందో లెక్క లేని శాస్త్రం గాలి గురించి మాట్లాడకూడదు.

ఇది చదువుకోనివాళ్ళ జబ్బని సరిపెట్టుకోవడానికీ లేదు. 2015లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రే సచివాలయానికి వాస్తు బాగాలేదని బహిరంగంగా అన్నారు. వేరే కారణాలూ చెప్పారు గానీ, 2020 జూలైలో ఆ భవనాల కూల్చివేత మొదలైంది. కొత్తది 2023 ఏప్రిల్ 30న తెరిచారు. రాష్ట్రాన్ని నడిపేవాళ్ళు దిక్కులకు దణ్ణం పెడితే ఫ్లాటులో ఇంజినీరు పెట్టడా? మన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీకి, ఇప్పటి ఎన్ఐటీకి, 1959 అక్టోబరు 10న శంకుస్థాపన చేసింది నెహ్రూ. శాస్త్రీయ దృక్పథం అనే మాటను ఈ దేశానికి అలవాటు చేసినవాళ్ళలో ఆయన ముందుంటాడు. 1976లో 42వ సవరణతో అది పౌరుల ప్రాథమిక విధుల్లో చేరింది, 51ఏ అధికరణంలో. తరంగదైర్ఘ్యం లెక్క కట్టడం నేర్పే కాలేజీ కాజీపేట దారిలో ఉండగా, ఆ లెక్క వచ్చినవాళ్ళే దాన్ని పరీక్షకే వాడి, ఇంట్లో పంచాంగం తీస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

పరిష్కారం ఖర్చులేనిది. పెట్టెను ఉమ్మడి గోడకు దూరంగా, సోఫా పక్కకు తెచ్చుకోవాలి. వినేవాడికి దగ్గరగా ఉంటే తక్కువ లెవెల్‌లోనే అదే బేస్ అందుతుంది. కింద మందపాటి రబ్బరు వేస్తే నేలకు పాకే వణుకు కొంత తగ్గుతుంది. రాత్రి తొమ్మిది దాటాక రిసీవర్‌లో పెద్ద శబ్దాలను అణిచే నైట్ మోడ్ పెట్టుకోవాలి. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సరిపోతుందని ఇంకో నమ్మకం ఉంది. అది గదిలో కీచుదనాన్ని కాస్త తగ్గిస్తుంది, బేస్‌ను ఏమీ చెయ్యలేదు. బేస్‌ను ఆపేది గోడ బరువే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటలను ఆపగలదు, 50 హెర్ట్జ్‌ను ఆపలేదు.

వీధిలోనూ ఇదే కథ. వినాయక నిమజ్జనం రోజు డీజే బండి పోతుంటే షట్టర్లు అదురుతాయి, పురిటిబిడ్డలు ఉలిక్కిపడతారు, గుండెజబ్బు మనుషులు గుండె పట్టుకుంటారు. అడిగితే దేవుడి కార్యం అంటారు. మద్రాసులో ఒక చర్చి మైకుల కేసులో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: ఇతరుల శాంతిని భంగపరుస్తూ మైకుల్లో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని. అన్ని మతాలకూ వర్తించే మాట. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. ఆ పని ఎన్నడో జరగాల్సింది.

చట్టం చేతిలో ఉన్న కొలబద్దలోనూ లోపం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. కొలిచేది 'ఏ' వెయిటింగ్‌తో. అది మెల్లని శబ్దాలకు చెవి స్పందించే తీరును అనుసరించి బేస్‌ను లెక్కలో తగ్గించేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ కొట్టేస్తుంది. అంటే ఆ ముసలమ్మ గదిలో 70 డెసిబెల్స్ అదురు ఉన్నా మీటరు 40 చూపిస్తుంది. పరిమితి లోపలే ఉందని అధికారి రాసుకుని పోతాడు, చెంబు మీద గ్లాసు మాత్రం గలగలమంటూనే ఉంటుంది. అదే మీటరులో 'సీ' వెయిటింగ్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర తగ్గేది ఒకటిన్నర డెసిబెల్ కూడా ఉండదు, అసలు అంకె బయటపడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి బేస్ మీద వచ్చే ఫిర్యాదులన్నిటికీ రెండు అంకెలూ రాయించాలి. అపార్ట్‌మెంటు సంఘాలు సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడకు ఆనించకూడదని తమ నియమాల్లో చేర్చుకోవాలి. హనుమకొండ ఇంటాయనకు ఈ మాట కాగితం మీద రాసిచ్చాను. పెట్టె ఇంకా ఆగ్నేయంలోనే ఉంది. పిల్లాడి పరీక్షలు అయ్యాక చూద్దామన్నాడు.