గట్టుపైనుండి గాలిలోనికి

విమానమునుండి గాలిగొడుగు సాయమున దిగువారిని గూర్చి మీరందరును వినియే యుందురు. విమానము లేకయే, ఎత్తైన మేడమీదినుండియో, కొండకొమ్ముననుండియో దుమికి, నడుమ గొడుగు విప్పుకొని నేలకు దిగు వినోదమొకటి కలదు. దానిని ‘బేస్’ దుముకుట యందురు. భవనము, స్తంభము, వంతెన, భూమి యను నర్థములుగల నాలుగు ఆంగ్లపదముల మొదటి యక్షరములను జేర్చి యీ పేరు కూర్చిరి. ఈ నాలుగింటినుండియు దుమికినవారికి వరుససంఖ్య యిచ్చు నాచారము 1981లో నేర్పడెను. ఆ పట్టికలో మూడవ సంఖ్య జీన్ బెనిష్ అను స్త్రీది. నాలుగవది యామె భర్తయగు కార్ల్ బెనిష్‌ది. భార్య ముందు, భర్త వెనుక!

ఇది నిన్నటి వింత కాదు. 1783లో లెనోర్మాన్ అను ఫ్రెంచివాడు మాంపెల్లియే నగరమున నక్షత్రశాల గోపురమునుండి గొడుగువంటి సాధనముతో దిగెను. పారాచూటు అను పేరు పెట్టినవాడతడే. నిప్పంటుకొన్న మేడలలో జిక్కినవారు ప్రాణములతో దిగుటకు అది యుపకరింపవలెనని యతని యాశయము. 1912 ఫిబ్రవరిలో రైకెల్ట్ అను దర్జీ తాను కుట్టిన గొడుగుచొక్కాను దొడిగికొని, పారిసులోని ఐఫిల్ గోపురపు మొదటి యంతస్తునుండి దుమికి మరణించెను. బొమ్మను పడవేసి పరీక్షింతునని యధికారులకు జెప్పి, తీరా నచ్చటికి బోయి తానే దుమికెను. ఆనాడు బొమ్మనే పడవేసియున్నచో నతడు బ్రతికియుండును గదా!

ఇందలి ప్రమాదమెట్టిదో కొంచెము లెక్క వేసి చూతము. గాలి యడ్డును విడిచినచో, పడు వస్తువు ఒక సెకండులో 16 అడుగులు, రెండింట 64, మూడింట 144, నాలుగింట 256 అడుగులు దిగును. విమానమునుండి దుముకువానికి వేల యడుగుల వ్యవధి కలదు; ఒక గొడుగు విప్పుకొననిచో రెండవది కలదు. గట్టునుండి దుముకువానికి రెండవది విప్పుకొను కాలమే యుండదు. కావున సాధారణముగా నొక్క గొడుగే కట్టుకొందురు. ఆ యొక్కదానిని మడచుటలోనే ప్రాణమున్నది. మనము పట్టుచీర మడచుటకన్న నెక్కువ యోర్పుతో, త్రాడును త్రాడును చిక్కుపడకుండ, గుడ్డ ముడతపడకుండ మడవవలెను.

రెండవ ప్రమాదము వెనుకనున్న బండయే. 1966 జూలైలో అమెరికా దేశమున యోసెమిటీ లోయలోని ఎల్ కాపిటన్ అను 3,000 అడుగుల నిలువుబండనుండి పెల్కీ, షూబర్ట్ అను నిరువురు దుమికిరి. నాటి గుండ్రని గొడుగులు గాలి యెటు త్రోసిన నటు పోవును. ఇరువురికిని ఎముకలు విరిగెను. తరువాత గాలిని నింపుకొని రెక్కవలె నిలుచు చదరపు గొడుగులు వచ్చెను. త్రాళ్లు లాగి వీనిని త్రిప్పుకొని బండకు దూరముగా బోవచ్చును. ఇట్టి గొడుగులతో 1978లో ఎల్ కాపిటన్ నుండి దుమికినవారిని కార్ల్ బెనిష్ చలనచిత్రము తీసెను. అది మొదలు ఈ వినోదము వ్యాపించెను.

1984 జూలైలో బెనిష్ దంపతులు నార్వే దేశమందలి ట్రోల్ గోడ యను మహాశిలనుండి కలిసి దుమికి, ప్రపంచమున నత్యున్నతమైన దుముకు తమదని కీర్తిగాంచిరి. ఆ సంతోషము నిలువలేదు. జూలై 7వ తేదీన కార్ల్ ఆ ప్రాంతముననే మరియొక చోటినుండి దుమికి, బండను దాకి మరణించెను. కొలది దినములకే జీన్ మరల నా కొండయెక్కి దుమికి క్షేమముగా దిగెను. ఇట్టి దుఃఖమున నెట్లు దుమికెనని మనలో గొందరు ముక్కుపై వ్రేలు వేసికొందురు. నాకు దోచునది వేరు. భర్తతో గూడి పెంచిన విద్యను ఆయన మరణముతో దోషిగా నిలుపుటకు ఆమె మనసొప్పలేదు. 1986లో నార్వేవారు ఆ గోడనుండి దుముకుటను నిషేధించిరి.

నిషేధమువలననే ప్రమాదము తొలగునా? యోసెమిటీలో నధికారులు 1980లో గొంతకాల మనుమతించి మరల మానిపించిరి. 1999 అక్టోబరులో ఆ నిషేధమునకు నిరసనగా కొందరు ఎల్ కాపిటన్ నుండి దుమికిరి. వారిలో జాన్ డేవిస్ అను 60 ఏండ్ల స్త్రీ యొకతె. అధికారులు జప్తు చేయుదురని యామె తన గొడుగును విడిచి, యెరవుగొడుగు కట్టుకొనెను. చేతికి అలవాటులేని యా గొడుగు తెరచుకొనలేదు. క్రింద నామె భర్త చిత్రము తీయుచుండెను. పశ్చిమ వర్జీనియాలోని 876 అడుగుల వంతెనపై మాత్రము ఏటేట అక్టోబరులో నొకదినము అనుమతితో దుముకు వేడుక జరుగుచు వచ్చినది. అచ్చటను 2006లో, మొదట ఎల్ కాపిటన్ నుండి దుమికిన యా షూబర్టే మరణించెను. అనుమతియున్నను ప్రమాదము ప్రమాదమే.

కాబట్టి ఈ వినోదమును మీ పిల్లలకు నేర్పుడని నేను చెప్పను. అయినను, బిడ్డ యేదేని సాహసమునకు బూనినపుడు ‘వద్దు’ అను మాటతోనే మనము తలుపు వేయరాదు. చాటుగా పోయినవాడు ఎరవు సాధనముతో పోవును. ‘ఎట్లు చేయుదువు? ముందు బొమ్మతో చూచితివా? నీ గొడుగును నీవే మడచితివా?’ అని యడుగుదము. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాడు తనంతట తానే యాగును. చెప్పగలవాడు మన కన్నులయెదుట నుండును.